ఏడు కప్పులు గెలిచాం.. ఒక్క టీమే మిగిలింది: మన ఫ్రాంచైజీల లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఇండియన్ సూపర్ లీగ్‌లో 2022లో చాంపియన్‌గా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. అక్టోబర్ 2025లో ఆ ఫుట్‌బాల్ క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా మారింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అంటున్నారు.

ఈ వార్త మన దగ్గర ఒక్క పూట కూడా నిలబడలేదు. వెబ్ డెస్క్‌లో ఆ రోజు దాన్ని పేజీలో పెట్టింది నేనే. నాలుగు పేరాలు, ఒక ఫొటో. గంటలోపే కిందికి జారిపోయింది. కానీ ఆ నాలుగు పేరాలు రాస్తున్నప్పుడు ఒక లిస్ట్ వేసుకున్నా. గత 20 ఏళ్లలో హైదరాబాద్ పేరు పెట్టుకుని జాతీయ స్థాయి లీగ్‌లో కప్పు గెలిచిన టీమ్‌లు ఎన్ని, అందులో ఇప్పుడున్నవి ఎన్ని అని.

ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ 2005లో హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. ఇండియన్ క్రికెట్ లీగ్‌లో 2008లో హైదరాబాద్ హీరోస్. ఐపీఎల్‌లో 2009లో డెక్కన్ చార్జర్స్. బ్యాడ్మింటన్‌లో 2013లో హైదరాబాద్ హాట్‌షాట్స్, 2018లో హైదరాబాద్ హంటర్స్. ఐపీఎల్‌లో 2016లో సన్‌రైజర్స్. ఫుట్‌బాల్‌లో 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ. నాకు దొరికినంతలో ఏడు కప్పులు, ఏడు టీమ్‌లు. ఈ రోజు ఆ పేరుతో, ఆ ఊళ్లో ఉన్నది సన్‌రైజర్స్ ఒక్కటే.

ఆటలో ఓడిపోయి మూతపడ్డాయంటే అర్థం చేసుకోవచ్చు. ఇవన్నీ గెలిచిన టీమ్‌లు. మరి డబ్బు ఎక్కడ ఆగిపోయింది? ఆంధ్రకు సొంత ఐపీఎల్ టీమ్ కావాలన్న మాట ప్రతి వేసవిలో వినిపిస్తోంది కాబట్టి ఈ లెక్క ఒకసారి చూడాల్సిందే.

లీగే పోతే టీమ్ ఏం చేస్తుంది?

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. సుల్తాన్స్, హీరోస్, హాట్‌షాట్స్, హంటర్స్ విషయంలో టీమ్ తప్పు పెద్దగా ఏమీ లేదు. ఆ లీగ్‌లే నిలబడలేదు. హాకీ లీగ్ 2008తో ఆగింది. ఇండియన్ క్రికెట్ లీగ్‌ను బీసీసీఐ గుర్తించలేదు, ఐపీఎల్ రావడంతో అది 2009కల్లా సర్దేసుకుంది. బ్యాడ్మింటన్ లీగ్ చివరిసారి 2020లో జరిగింది. సంతే ఎత్తేస్తే అంగడి పెట్టుకున్నవాడు ఏం చేస్తాడు?

అసలు ఆలోచించాల్సినవి మిగతా రెండు. డెక్కన్ చార్జర్స్, హైదరాబాద్ ఎఫ్‌సీ. లీగ్ నడుస్తూనే ఉంది, మిగతా టీమ్‌లు ఆడుతూనే ఉన్నాయి, ఇవి మాత్రం లేకుండా పోయాయి.

నూజివీడు తోట లెక్క

ఫ్రాంచైజీ అంటే ఏంటో వివరించడానికి నాకు తెలిసిన సులువైన ఉదాహరణ మా వైపు మామిడి తోటలే. నూజివీడు చుట్టుపక్కల తోట ఉన్న ప్రతి రైతూ తానే కాయ కోసి అమ్ముకోడు. చాలామంది గుత్తకి ఇచ్చేస్తారు. పూత చూసి, కొన్నిసార్లు పూత కూడా రాకముందే, వ్యాపారి వచ్చి తోటకి ఇంత అని మాట్లాడుకుంటాడు. కొంత అడ్వాన్స్ ఇస్తాడు, మిగతాది వాయిదాల్లో. ఆ తర్వాత మందులు, కాపలా, కోత కూలి, లారీ కిరాయి అన్నీ అతనివే. మంచు పడి పూత మాడినా, తామర పురుగు వచ్చినా, ఏప్రిల్‌లో గాలిదుమ్ము లేచి కాయ రాలినా, నున్న మార్కెట్‌లో బంగినపల్లి ధర పడిపోయినా రైతుకు ఇస్తానన్న డబ్బు మాత్రం ఇవ్వాల్సిందే. కాపు మారుతుంది, గుత్త మారదు.

ఇందులో బయటికి కనిపించని విషయం ఒకటుంది. ఒక్క ఏడాది కాపు పోయినంత మాత్రాన గుత్తదారు మునిగిపోడు. వేరే తోటలు, వేరే వ్యాపారం ఉంటే తట్టుకుంటాడు. వేరేచోట అప్పు పీకల దాకా ఉన్నవాడైతే, ఇక్కడ చెట్టు నిండా కాయ ఉన్నా వాయిదా కట్టలేక చేతులెత్తేస్తాడు.

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు బీసీసీఐ చేసింది ఇలాంటి బేరమే. ఎనిమిది నగరాలను వేలం వేసింది. పాడిన మొత్తాన్ని పదేళ్ల పాటు ఏటా సమానంగా కట్టాలి. పదేళ్లు పూర్తయ్యాక మాత్రం ఆదాయంలో 20 శాతం ఇస్తే చాలు. అంటే పదేళ్లు గుత్త, ఆ తర్వాత పాలు. ఆ తర్వాత వచ్చిన డబ్బు చూస్తే, ఆ పదేళ్లు ఎవరు గట్టెక్కితే వాళ్ల పంట పండినట్టే అయింది. డెక్కన్ చార్జర్స్ ఐదో ఏటే పడిపోయింది.

కాయ ఉంది, వాయిదా కట్టలేదు

హైదరాబాద్ టీమ్‌ను డెక్కన్ క్రానికల్ సంస్థ 10.7 కోట్ల డాలర్లకు పాడుకుంది. అప్పటి లెక్కలో సుమారు 428 కోట్ల రూపాయలు, ఏడాదికి 43 కోట్ల లోపు. మొదటి సీజన్‌లో చార్జర్స్ ఆఖరి స్థానం. రెండో సీజన్‌లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఏకంగా కప్పు. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్, బెంగళూరుపై 6 పరుగుల తేడాతో గెలుపు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. తోటలో కాయ కోత నడుస్తున్న రోజులు. పాకలో చిన్న టీవీ పెట్టి పెద్దవాళ్లంతా చూస్తుంటే నేను గడ్డిలో పెట్టిన రసాల మధ్య కూర్చుని చూశా. ఆటేమీ పూర్తిగా అర్థం కాలేదు, కానీ గెలిచింది మన టీమ్ అని మాత్రం అర్థమైంది.

ఆ సీజన్ అంతా దక్షిణాఫ్రికాలో జరిగింది. లోక్‌సభ ఎన్నికల వల్ల ఐపీఎల్ దేశం దాటింది. అంటే కప్పు గెలిచిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. మరుసటి ఏడాది 2010లో తెలంగాణ ఉద్యమం కారణంగా మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైకి వెళ్లాయి. చాంపియన్ టీమ్ సొంత ఊళ్లో జనం ముందుకు రావాల్సిన రెండేళ్లూ ఇలా చేజారిపోయాయి.

అయినా టీమ్ పడిపోయింది దానివల్ల కాదు. 2012 నాటికి యజమాని సంస్థ బ్యాంకు అప్పుల్లో కూరుకుపోయింది. ఆటగాళ్లకు జీతాల బకాయిలు పడ్డాయి. సెప్టెంబర్‌లో టీమ్‌ను వేలానికి పెడితే పీవీపీ వెంచర్స్ 900 కోట్లు ఇస్తామంది. సంస్థ ఒప్పుకోలేదు. ఆ వెంటనే బీసీసీఐ ఒప్పందం రద్దు చేసింది. కోర్టు అడిగిన 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ సమకూరలేదు. టీమ్ పోయింది.

ఇప్పుడు చూడండి. నెల తిరిగేసరికి, అక్టోబర్ 2012లో, కొత్త టీమ్ కోసం టెండర్ పిలిస్తే సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్లకు పాడింది. పోటీలో పీవీపీ 69.03 కోట్ల దగ్గర ఆగింది. చార్జర్స్ ఏడాదికి కట్టాల్సింది 43 కోట్లు. అదే ఊరు, అదే ఉప్పల్ స్టేడియం. కొత్తగా వచ్చినవాళ్లు దానికి రెట్టింపు కట్టడానికి ముందుకొచ్చారు. తోట బాగానే ఉంది, గుత్తదారే దివాలా తీశాడని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ కథకు కోర్టు అధ్యాయం కూడా ఉంది. జులై 2020లో ఆర్బిట్రేటర్, టీమ్ రద్దు చెల్లదని చెప్పి బీసీసీఐ 4,800 కోట్లకు పైగా చెల్లించాలన్నారు. జూన్ 2021లో బాంబే హైకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది.

మాంట్రియల్‌లో ఇదే కథ, పదేళ్ల ముందు

గెలిచే టీమ్ ఊరు వదిలి వెళ్లడం మన ఒక్కరికే జరిగింది కాదు. కెనడాలో రెండు పెద్ద బేస్‌బాల్ టీమ్‌లు ఉండేవి. మాంట్రియల్ ఎక్స్‌పోస్ 1969లో మొదలైంది, అమెరికా బయట పుట్టిన తొలి మేజర్ లీగ్ టీమ్ అదే. టొరంటో బ్లూ జేస్ 1977లో వచ్చింది. ఇప్పుడు బ్లూ జేస్ ఒక్కటే ఉంది.

1994లో ఎక్స్‌పోస్ 74 గెలుపులు, 40 ఓటములతో మొత్తం లీగ్‌లోనే ముందుంది. ఆగస్టులో ఆటగాళ్ల సమ్మె మొదలైంది. ఆ ఏడాది ఫైనల్స్ పూర్తిగా రద్దు. మరుసటి ఏడాదికి జీతాలు భరించలేక స్టార్ ఆటగాళ్లను వదిలేసుకున్నారు. అక్కడి నుంచి జారుడే. ఆటగాళ్లకు జీతం అమెరికన్ డాలర్లలో, టికెట్ మీద వచ్చేది కెనడా డాలర్లలో. 2002 ఆరంభంలో కెనడా డాలర్ 62 అమెరికన్ సెంట్ల దగ్గరకు పడిపోయింది. అంటే వంద వసూలు చేస్తే చేతికి వచ్చేది 62. 2000 సీజన్‌కైతే ఇంగ్లిష్‌లో టీవీ ప్రసార ఒప్పందమే లేదు. 2001లో మ్యాచ్‌కు సగటున 8 వేల లోపు జనం. 2002లో లీగే 12 కోట్ల డాలర్లకు టీమ్‌ను కొనేసింది. 2003, 2004 సీజన్లలో ఏడాదికి 22 సొంత మ్యాచ్‌లను ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో ఆడించారు. చార్జర్స్ సొంత మ్యాచ్‌లు కటక్‌లో ఆడినట్టే. 2005కల్లా టీమ్ వాషింగ్టన్ నేషనల్స్‌గా మారింది. 2019లో వాషింగ్టన్ పేరు మీద వరల్డ్ సిరీస్ కూడా గెలిచింది.

టొరంటో టీమ్‌కు కూడా ఖర్చు అమెరికన్ డాలర్లలోనే. కెనడా డాలర్ పడిపోతే దానికీ అదే దెబ్బ. అయినా ఎలా నిలిచింది? 2000లో రోజర్స్ అనే టెలికాం, కేబుల్ సంస్థ దాన్ని కొన్నది. మ్యాచ్ చూపించే స్పోర్ట్స్‌నెట్ చానల్ దానిదే. స్టేడియం కూడా దానిదే. టీమ్ లెక్కల పుస్తకంలో నష్టం కనపడినా చానల్ లెక్కల్లో లాభం వస్తుంది. కెనడా మొత్తానికి ఒకటే టీమ్ కాబట్టి దేశమంతా దాని ప్రేక్షకులే. 2025 వరల్డ్ సిరీస్‌లో బ్లూ జేస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి, 11వ ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ చేతిలో ఓడింది.

రెండు టీమ్‌లకూ తేడా తెచ్చింది ఆట కాదు. ఒకదానికి వెనకాల టీవీ ఉంది, నష్టాన్ని మోయగల యజమాని ఉన్నాడు. రెండోదానికి రెండూ లేవు.

సన్‌రైజర్స్‌కు టికెట్ల డబ్బు ఎంత?

మళ్లీ ఉప్పల్‌కు వద్దాం. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. ఏడాదికి 9,678 కోట్లు. ఇందులో సుమారు సగం టీమ్‌లకు వెళ్తుంది. పది టీమ్‌లకు పంచితే ఒక్కో టీమ్‌కు 480 కోట్ల చుట్టుపక్కల. పంపకంలో కొంత భాగం పాయింట్ల పట్టికలో స్థానాన్ని బట్టి మారుతుంది కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు గ్రౌండ్ లెక్క. ఉప్పల్‌లో దాదాపు 39 వేల సీట్లు. పాసులు పోగా 35 వేల టికెట్లు అమ్మారనుకుందాం. సగటు ధర 2 వేలనుకుందాం. ఇది నా అంచనా, అసలు లెక్క సంస్థకే తెలియాలి. మ్యాచ్‌కు 7 కోట్లు, ఏడు సొంత మ్యాచ్‌లకు 49 కోట్లు. టీవీ వాటాలో పదో వంతు. 2025 సీజన్‌కు ఆటగాళ్ల వేలంలో ఖర్చు పెట్టగలిగిన గరిష్ఠ మొత్తం 120 కోట్లు. అంటే ఉప్పల్‌లో ఒక్కరూ కూర్చోకపోయినా ఆటగాళ్ల జీతాలకు నాలుగింతల డబ్బు టీవీ నుంచే వస్తుంది. 2024లో ఫైనల్‌కు వెళ్లినా, 2025లో ప్లేఆఫ్స్‌కు రాకపోయినా సన్‌రైజర్స్ ఉనికికి ఢోకా లేకపోవడం ఇందువల్లే.

మార్చి 2025లో ఉచిత పాసుల గొడవ గుర్తుందా? హైదరాబాద్ క్రికెట్ సంఘం నుంచి ఒత్తిడి వస్తోందని, ఇలాగైతే వేరే ఊరికి వెళ్లాల్సి వస్తుందని సన్‌రైజర్స్ లేఖ రాసింది. సంఘం ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. తర్వాత వివాదం సద్దుమణిగింది. ఆ లేఖను అందరూ పాసుల కోణంలోనే చూశారు. నాకు మాత్రం ఇంకోటి కనపడింది. ఆదాయంలో తొంభై శాతం గ్రౌండ్ బయటి నుంచి వచ్చే టీమ్‌కు ఊరు మారడం పెద్ద కష్టం కాదు. ఆ మాట అనగలిగింది అందుకే.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఎందుకు నిలవలేదు?

ఫుట్‌బాల్‌లో ఆ టీవీ డబ్బు లేదు. మొత్తం కథ అక్కడే ఉంది. పుణె క్లబ్ ఫ్రాంచైజీని తీసుకుని 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టారు. గచ్చిబౌలి స్టేడియంలో ఒక సీజన్ ఆడారో లేదో కరోనా వచ్చింది. తర్వాత రెండు సీజన్లు గోవాలో, ఖాళీ స్టేడియంలలో. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు. కప్పు మనది.

గమనించారా? చార్జర్స్ కప్పు గెలిచింది జొహానెస్‌బర్గ్‌లో, ఈ క్లబ్ గెలిచింది గోవాలో. రెండూ సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని సీజన్లే. గెలుపు ఊపులో స్టేడియం నిండాల్సిన సమయంలో స్టేడియం మూసి ఉంది.

కప్పు వచ్చాక ఏడాదిన్నర తిరక్కముందే జీతాల బకాయిలు బయటికొచ్చాయి. ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2023-24 సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు, సీనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో ఆ సీజన్ అట్టడుగున ముగించారు. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వెళ్లింది. ఆ మరుసటి ఏడాదే ఢిల్లీ ప్రయాణం.

ఖర్చుకు తగ్గ ఆదాయం లేదని ఐఎస్‌ఎల్ క్లబ్‌లు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. 2025లో అది ఏ స్థాయికి వెళ్లిందంటే, లీగ్ వాణిజ్య హక్కులకు ఫుట్‌బాల్ సమాఖ్య టెండర్ పిలిస్తే నవంబర్ గడువులోగా ఒక్క బిడ్ కూడా రాలేదు. తోట గుత్తకి ఇస్తామంటే కన్నెత్తి చూసినవాడే లేడు. అలాంటి లీగ్‌లో టీమ్ నడపాలంటే యజమాని జేబులోంచి తీసి పెట్టాల్సిందే. సరదా తీరిన రోజు లేదా జేబు ఖాళీ అయిన రోజు టీమ్ కూడా పోతుంది.

కప్పే లేని టీమ్ మాత్రం ఉంది

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ తెలుగు టైటాన్స్. 2014లో ప్రో కబడ్డీ మొదలైన రోజు నుంచీ ఉంది. 12 సీజన్లలో ఒక్క కప్పూ లేదు. వరుసగా ఆఖరి స్థానంలో నిలిచిన ఏళ్లూ ఉన్నాయి. అయినా టీమ్‌కు ఏమీ కాలేదు. ఎందుకంటే ఆ లీగ్‌లో మెజారిటీ వాటా టీవీ సంస్థదే. ప్రసారం ఆగే ప్రశ్న లేదు. ఆటగాళ్ల మీద ఖర్చు పరిమితి 5 కోట్లు. ఇండోర్ హాల్ ఉంటే చాలు. టీమ్‌లన్నీ కలిసి ఒక ఊరి తర్వాత ఒక ఊళ్లో ఆడతాయి కాబట్టి ఏడాది పొడవునా స్టేడియం నిర్వహణ ఖర్చు లేదు. ఆగస్టు 2025లో సీజన్ మొదలైంది కూడా విశాఖలోనే.

గుత్త తక్కువ, కాపు స్థిరం. అభిమానులకు బోర్ కొట్టొచ్చు గానీ టీమ్ మాత్రం బతుకుతుంది.

మరి ఆంధ్రకు ఐపీఎల్ టీమ్?

2012 టెండర్‌లో కొత్త టీమ్‌కు ఎంచుకోగల నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది. సన్ టీవీ హైదరాబాద్‌నే ఎంచుకుంది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు ఐపీఎల్‌లో సొంత పేరు లేకుండా పోయింది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఢిల్లీ క్యాపిటల్స్‌లో సగం వాటా జీఎంఆర్ గ్రూప్‌ది. ఆ గ్రూప్ మూలాలు మన రాజాంలో. 2008లో ఆ గ్రూప్ ఢిల్లీని 8.4 కోట్ల డాలర్లకు పాడుకుంది. 2018లో సగం వాటాను జేఎస్‌డబ్ల్యూకు 550 కోట్లకు అమ్మింది. 2024లో, 2025లో ఢిల్లీ తన సొంత మ్యాచ్‌లు రెండేసి చొప్పున విశాఖలో ఆడింది. 2024 మార్చి 31న చెన్నైతో మ్యాచ్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పేరుకు ఢిల్లీ సొంత గ్రౌండ్. స్టేడియమంతా ధోనీ కోసం పసుపు రంగు. సొంత టీమ్ లేని ఊరు అంతకంటే ఏం చేస్తుంది?

ఇలా రెండు ఊళ్ల మధ్య టీమ్‌ను పంచుకునే ఆలోచన మాంట్రియల్‌లో కూడా వచ్చింది. ఫ్లోరిడాలోని టాంపా బే టీమ్ సగం సీజన్ అక్కడ, సగం మాంట్రియల్‌లో ఆడుతుందన్నారు. జనవరి 2022లో లీగ్ కుదరదని చెప్పేసింది. విశాఖకు కనీసం రెండు మ్యాచ్‌లైనా దొరుకుతున్నాయి.

సరే, పూర్తిగా సొంత టీమ్ కావాలంటే ఎంత? ఆఖరిసారి కొత్త టీమ్‌లు అమ్మింది అక్టోబర్ 2021లో. లక్నోను ఆర్పీ సంజీవ్ గోయెంకా గ్రూప్ 7,090 కోట్లకు, అహ్మదాబాద్‌ను సీవీసీ 5,625 కోట్లకు పాడుకున్నాయి. పదేళ్లకు పంచి చూస్తే లక్నో ఏడాదికి 709 కోట్లు కట్టాలి. టీవీ వాటాగా వచ్చేది 480 దగ్గర. ఆటగాళ్ల జీతం 120 పైన పడుతుంది. స్పాన్సర్లు, టికెట్లు కలిపినా మొదటి పదేళ్లు ఏటా వందల కోట్ల లోటే. అయినా ఎందుకు కొన్నారు? పదేళ్ల తర్వాత తోట దాదాపు తమదే అవుతుంది, విలువ పెరుగుతుంది అనే లెక్క మీద. ఆ నమ్మకం ఉన్నవాళ్లు ఉన్నారు కూడా. 2025లో అహ్మదాబాద్ టీమ్‌లో 67 శాతం వాటాను టోరెంట్ గ్రూప్ కొన్నది.

కాబట్టి ఆంధ్ర టీమ్ అని ఎవరైనా ప్రకటన చేస్తే అడగాల్సింది స్టేడియం ఎంత పెద్దది అని కాదు. మంగళగిరిలో స్టేడియం పని ఉంది, అమరావతిలో ఇంకా పెద్దది కడతామన్న మాటలున్నాయి. కట్టనివ్వండి, మంచిదే. కానీ పైన చూశాం, గ్రౌండ్ డబ్బు పదో వంతు. అడగాల్సింది ఏంటంటే, పదేళ్ల పాటు ఏటా వందల కోట్ల లోటు మోసే యజమాని ఎవరు, అతని మిగతా వ్యాపారం ఎలా ఉంది, బ్యాంకు గ్యారంటీ ఎక్కడుంది. 2012లో ఇవే మూడు ప్రశ్నల దగ్గర మన టీమ్ పోయింది.

ప్రభుత్వ డబ్బుతో ఆ లోటు పూడ్చాలని మాత్రం నేను అనను. మామిడి టన్ను ధర పడిపోయిన ఏడాది రైతుకు ఇచ్చే సాయం మీదే వంద లెక్కలు వేసే చోట, టీమ్ యజమాని నష్టానికి ఖజానా తెరవమంటే మా ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు.

చిన్న స్థాయిలో ఒక ప్రయోగం ఇప్పటికే నడుస్తోంది. ఆంధ్రా ప్రీమియర్ లీగ్ 2022 నుంచి జరుగుతోంది. 2025లో విజయవాడ సన్‌షైనర్స్, భీమవరం బుల్స్, కాకినాడ కింగ్స్ లాంటి పేర్లతో ఏడు టీమ్‌లు ఆడాయి. పేరు విజయవాడది, మ్యాచ్ మాత్రం విశాఖలో. నూజివీడు కుర్రాడు విజయవాడ టీమ్‌ను చూడాలంటే రాత్రి రైలెక్కి విశాఖ వెళ్లాలి, లేదా ఫోన్‌లో చూసుకోవాలి. ఖర్చు తగ్గించడానికి అన్నీ ఒకేచోట పెట్టడం అర్థమవుతుంది. కానీ ఊరిపేరు మీద అభిమానం పుట్టాలంటే ఊళ్లో ఒకటో రెండో మ్యాచ్‌లు జరగాలి. మూలపాడు మైదానం విజయవాడ పక్కనే ఉంది. పెద్ద స్టేడియం కోసం ఆగకుండా అక్కడ రెండు మ్యాచ్‌లు పెట్టి చూస్తే ఎంతమంది వస్తారో తేలిపోతుంది కదా?

2027 తర్వాత ఏంటి?

ఇంతదాకా చెప్పిన లెక్కలన్నీ 480 కోట్ల టీవీ వాటా మీద ఆధారపడ్డవి. ఆ ఒప్పందం 2027 సీజన్‌తో ముగుస్తుంది. 2009 నుంచి తొమ్మిదేళ్లకు 8,200 కోట్లు, 2018 నుంచి ఐదేళ్లకు 16,347 కోట్లు, ఆ తర్వాత 48,390 కోట్లు. ఇప్పటిదాకా పెరగడమే తప్ప తగ్గడం లేదు. ఎందుకంటే ప్రతిసారీ పోటీపడి పాడేవాళ్లు ఉన్నారు. గత వేలంలో టీవీ హక్కులు స్టార్‌కు, డిజిటల్ హక్కులు వయాకామ్18కు వెళ్లాయి. ఇప్పుడు ఆ రెండూ కలిసిపోయి ఒకటే సంస్థ అయ్యాయి. మరోవైపు ఆగస్టు 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఐపీఎల్ మధ్యలో ప్రకటనలు గుప్పించింది ఎక్కువగా ఆ యాప్‌లే. టీమిండియా జెర్సీ మీద నుంచి డ్రీమ్11 పేరు పోయింది కూడా అప్పుడే.

కొనేవాళ్లు ఇద్దరి నుంచి ఒక్కరయితే నున్న మార్కెట్‌లో ధర ఏమవుతుందో మా వైపు చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. 2028కి కొత్త హక్కుల వేలంలో అంకె తగ్గితే దాని దెబ్బ ముందు తగిలేది ముంబై, చెన్నైలకు కాదు, 709 కోట్ల గుత్త ఒప్పుకున్నవాళ్లకు. సన్‌రైజర్స్ ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఆంధ్ర టీమ్ మాట ఎత్తేవాళ్లు కనీసం ఆ వేలం అయ్యేదాకా ఆగి, అంకె చూసి ధర మాట్లాడుకోవడం మంచిది. పూత చూడకుండా తోటకు అడ్వాన్స్ ఇచ్చేవాళ్లు మా దగ్గరా ఉన్నారు. అందులో కొందరు బాగా సంపాదించారు. మిగతావాళ్లు మరుసటి ఏడాది తోటల వైపు రాలేదు.